ఏడో నీళ్లు

ఆరోసారి తిప్పిన గొట్టాలను మిషన్‌లోంచి తీసి అక్క కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టింది. అడుగున గోధుమరంగు మడ్డి గోరంత అంటుకుని ఉంది. పైన నీళ్లు తేటగా ఉన్నాయి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తేటపడిందిగా, ఇంకెందుకు అనుకుంటారు. అక్క పైనీళ్లు వంపేసింది. మడ్డి చెదరకుండా గొట్టాన్ని బొటనవేలి మీద వాల్చి, కొత్త నీళ్లు పోసి, మెల్లగా కుదిపి, మళ్లీ మిషన్‌లో పెట్టి మూత వేసింది. రిజిస్టర్‌లో ఆరు నిలువు గీతల పక్కన ఏడోది గీసింది.

అందుకే ఆ ల్యాబ్‌లో అందరూ ఆమెను ఏడు నీళ్లక్క అంటారు.

ఆ మడ్డిలో ఉన్నవన్నీ రేణువులు. వెంట్రుక మందంలో ఐదారు వందలు పక్కపక్కనే పడతాయి. సిలికాన్ పలకను యాసిడ్‌లో ముంచి కరెంటు పంపితే దాని ఒంటినిండా కంటికి కనిపించని బెజ్జాలు పడతాయి. ఆ పొరను ఊడదీసి, నీళ్లలో వేసి, చెవికి వినిపించని మోతతో పగలగొడితే ఈ రేణువులు వస్తాయి. బెజ్జాల్లో మందు నింపి ఒంట్లోకి పంపితే, జబ్బు పట్టిన కణంలోకి దూరి, లోపల మందు వదిలి, అవి మాత్రం మెల్లగా కరిగి మూత్రంలో పోతాయి. పని చేసి, చేసినట్టు ఆనవాలు కూడా మిగల్చవు. అయితే ఆ బెజ్జాల్లో యాసిడ్ ఏ మూలో కాస్త దాక్కుని ఉంటే, మందు కన్నా ముందు అదే కణాన్ని చంపుతుంది. ఎన్నిసార్లు కడిగితే పోతుందో పుస్తకాల్లో లేదు. మొదటి ఏడాది అక్కే ఒక్కో కడుగు తర్వాతా పరీక్ష కాగితం ముంచి చూసుకుంది. ఆరోసారికి కూడా కాగితం కొస కొద్దిగా రంగు మారింది. ఏడోసారికి మారలేదు.

"స్నానాలు అయ్యాయా వదినా నీ పిల్లలకి?" అంటూ కణాలావిడ గుమ్మంలోంచి తొంగిచూసింది. పక్క గదిలో వెచ్చటి బీరువాలో గాజు పళ్లాల నిండా కణాలు పెంచేది ఆవిడే. చుట్టరికం లేకపోయినా అక్కను వదినా అంటుంది. "నా పిల్లలు ఎప్పుడెప్పుడా అని కూర్చున్నారు."

"ఇంకొక్క నీళ్లు. అయిపోయింది."

"నువ్వు పర్మనెంటయ్యాక ఎనిమిది నీళ్లు చేస్తావేమోనని నా భయం. ఈ నెలేగా ఫైలు పైకి వెళ్లేది?"

"వెళ్తే వెళ్తుంది."

"మూతి చూడు, ఏమీ పట్టనట్టు! ఆరేళ్లుగా ఏడాదికోసారి ఉంటావా పోతావా అని కాగితం ఇస్తుంటే నాకే ఒళ్లు మండేది. ఈసారి సార్ సంతకం పెట్టకపోతే నా పిల్లలందర్నీ తీసుకెళ్లి ఆయన టేబుల్ మీద బోర్లిస్తా."

అక్క నవ్వు దాచుకోవడానికి మిషన్ వైపు తిరిగింది.

మిషన్ ఆగేసరికి చెల్లి వచ్చింది. తెల్లకోటు జేబులో మూడు పెన్నులు, జడ కోటులోకి దోపి ఉంది. నాలుగేళ్లుగా ఆ రేణువుల్లో మందు నింపే పరిశోధన చెల్లిదే. అక్క పన్నెండో తరగతితో ఆపేసింది. చెల్లి ఆపలేదు. ఈ ఉద్యోగం ఖాళీ ఉందని చెప్పి, అక్క చేత దరఖాస్తు రాయించింది కూడా చెల్లే. ఆ సంగతి ఇంట్లో అమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

"ఇటివ్వక్కా, టైమైపోతోంది."

"చేతులు తుడుచుకోవే ముందు."

చెల్లి రెండు చేతులూ కోటుకే రాసుకుని, గొట్టంలోది తన సీసాలోకి వంపుకుంది. ముప్పై ఏడో నంబరు, మందు లేని ఖాళీ రేణువులు. పక్కనే ముప్పై ఆరో నంబరు సీసా, దాంట్లో తక్కువ మందు నింపింది. ఎక్కువ మందు నింపిన ముప్పై ఐదోది ముందే కణాలావిడ గదికి వెళ్లిపోయింది. రెంటిలోనూ ఉన్నది ఒకే గోధుమరంగు. మందుకు రంగూ లేదు, వాసనా లేదు. చెల్లి రెండు మూతలూ తీసి బోర్లించి, సీసాల మూతులు ఆరడానికి కాసేపు శుభ్రమైన గాలి ఊదే గాలి పెట్టె కింద ఉంచింది. నంబర్లు ఆ మూతల మీదే ఉన్నాయి.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? మూత మీద రాయకు, సీసా మీద రాయి."

"సీసా మీద రాస్తే స్పిరిట్ తగిలి చెరిగిపోతోందక్కా. మూతైతే పొడిగా ఉంటుంది."

"అందుకేగా నేను గీసేది."

అక్క తన చిన్న సీసాను పైకెత్తి చూపించింది. ప్రతి బ్యాచ్‌లోంచీ నాలుగు చుక్కలు తీసి, వేలంత సీసాలో పోసి, గాజు మీద సూదితో నంబరు గీసి, ఫ్రిజ్‌లో వెనక వరసలో దాస్తుంది. ఎవరూ చెప్పిన పని కాదు. ఏదైనా తేడా వస్తే చూసుకోవడానికి ఉంటుందని ఆమే పెట్టుకున్న అలవాటు. ఆ సంగతి చెల్లికి తప్ప ఎవరికీ తెలియదు.

"నీ దాపుడు సీసాలూ నువ్వూ!" అంటూ చెల్లి మూతలు బిగించి, రెండు సీసాలూ ఒకే చేత్తో పట్టుకుని కణాలావిడ గదికి వెళ్లిపోయింది.

*

మూడు రోజుల తర్వాత, సోమవారం పొద్దున కణాలావిడ జోకులు వేయలేదు. గాజు పళ్లాన్ని రెండు చేతులతో పట్టుకుని సార్ గదికి నడిచింది. ఆవిడ వెనకే చెల్లి. కాసేపటికి అక్కను కూడా పిలిచారు.

సార్ పళ్లాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, అక్కను చూడమన్నాడు. బతికున్న కణాలు పళ్లానికి కరుచుకుని, కాళ్లు చాపుకుని పడుకున్నట్టుంటాయి. చచ్చినవి గుండ్రంగా ముడుచుకుని తేలిపోతాయి. ఖాళీ రేణువులు పోసిన గుంటల్లో సగానికి సగం తేలుతున్నాయి.

"ఖాళీవి చంపాయి," అన్నాడు సార్. "ఎక్కువ మందుది చంపింది, బాగానే ఉంది. తక్కువ మందుది ఏమీ చేయలేదు, మోతాదు చాల్లేదనుకుందాం. కానీ ఖాళీవి ఎందుకు చంపాలి?"

చెల్లి కోటు జేబులో పెన్నులు సర్దుకుంది.

"లోపల యాసిడ్ మిగిలి ఉంటే తప్ప," అన్నాడు ఆయనే. ఆయనెప్పుడూ గొంతు పెంచడు. "ఈ శుక్రవారం పరిశోధన పత్రం పంపాలి. ఎవరు కడిగారు ముప్పై ఏడు?"

అక్క నోరు తెరిచేలోపే చెల్లి అంది. "కడగడం నా చేతుల్లో లేదు సార్. కడిగింది ఆమె."

అక్క తల తిప్పి చూసింది. చెల్లి పళ్లాన్నే చూస్తోంది. ఇద్దరూ అక్కచెల్లెళ్లని ఆ గదిలో తెలియనివాళ్లు లేరు. పొద్దున ఒకే అద్దంలో తల దువ్వుకుని వచ్చారు. కోటు కాలరు వెనక మడత పడితే సర్దింది అక్కే.

"ఏడుసార్లూ కడిగాను సార్. రిజిస్టర్‌లో గీతలున్నాయి."

"గీతలు గీయడానికి ఎంతసేపమ్మా," అన్నాడు సార్, ఏమీ అననట్టే. "చూద్దాం. అందరూ ఆలోచించండి."

బయటికొచ్చాక కణాలావిడ అక్క మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వు కడగలేదంటే నేను నమ్మను వదినా. నమ్మనుగాక నమ్మను. మరి నా పిల్లలు ఎలా పోయారు?"

అక్క కళ్ల ముందు గాలి పెట్టె కింద పక్కపక్కనే బోర్లించి ఉన్న రెండు మూతలు కనిపిస్తున్నాయి. ఖాళీవి సగం చంపాయి. తక్కువ మందుది ఏమీ చేయలేదు. మూతలు అటుదిటు ఇటుదటు అయితే ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే ఉంది.

*

సాయంత్రం ఇంట్లో చెల్లి ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఎప్పుడూ చేయని పని. అమ్మ వంటగదిలోంచి చూసి, "ఏంటీ, ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడు?" అంది. చెల్లి నవ్వలేదు.

అక్క వెళ్లి పక్కన కూర్చుని దుప్పటి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ చెరో వైపు లాగి మడిచారు.

"మూతలు మారాయే," అంది అక్క, అమ్మకు వినిపించకుండా.

చెల్లి చేతులు ఆగాయి. "అదేం కాదు."

"నేను చూశానుగా, రెండూ తీసి పక్కపక్కనే పెట్టావు. ఆ మూత దీనికి, ఈ మూత దానికి పెట్టేశావు. అంతే. ఎవరికైనా జరిగేదే. ఎందుకంత భయపడతావు? సార్ ముందు గొంతెండిపోయి ఏదో అనేశావు, నాకు తెలుసులే."

చెల్లి దుప్పటి అంచు సరిచేసిందే మళ్లీ సరిచేసింది.

"పెద్ద సీసాల్లోది పళ్లాలకే సరిపోయింది గానీ, దాపుడు సీసా ఉందిగా," అంది అక్క. "ముప్పై ఏడుది. రేపు పొద్దున్నే కణాలావిడకిస్తా. మూడ్రోజుల్లో తేలిపోతుంది. శుక్రవారానికల్లా చేతిలో ఉంటుంది. సార్‌తో నేనొచ్చి చెప్తా. నువ్వేం మాట్లాడక్కర్లేదు, నా వెనక నిలబడు చాలు."

"సరే అక్కా."

"తిన్నావా మధ్యాహ్నం?"

"ఆఁ."

"తినలేదు. డబ్బా బరువు చూశాగా." అక్క దుప్పటి తీసి అల్మరాలో పెట్టింది. సగం బెంగ తీరినట్టే అనిపించింది ఆమెకు. తప్పు ఎక్కడుందో తెలిసింది, దాన్ని చూపించే దారీ ఉంది. వాళ్లిద్దరి మధ్య ఇంతకన్నా పెద్ద చిక్కులే వచ్చాయి చిన్నప్పుడు. అమ్మ అద్దం పగిలినప్పుడూ, వానలో స్కూలు పుస్తకాలు తడిసినప్పుడూ ముందు అక్కతోనే చెప్పుకునేది చెల్లి. అక్క అమ్మతో చెప్పేది. అలాగే తేలిపోయేవి.

*

మంగళవారం అక్క లేచేసరికి చెల్లి లేదు. "పనుందని పొద్దున్నే వెళ్లిపోయింది, టీ కూడా తాగలేదు," అంది అమ్మ.

ల్యాబ్‌కి వెళ్లగానే అక్క చేసే మొదటి పని, టబ్బులో నానిన గాజుసామాను కడగడం. సోమవారంవి చాలా ఉన్నాయి. పొడుగు గొట్టాలు, వెడల్పు సీసాలు, వేలంత సీసాలు, అన్నీ సబ్బు నీళ్లలో ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఫ్రిజ్ తలుపు తీయడానికి చెయ్యి లాగుతున్నా, పని వరస మార్చడం ఆమెకు చేతకాదు. గ్లౌజులు వేసుకుని ఒక్కోదాన్నీ సన్న బ్రష్షుతో లోపల తిప్పి, మామూలు నీళ్లలో మూడుసార్లు, శుద్ధి నీళ్లలో ఒకసారి ముంచి, మేకుల బల్లకు తలకిందులుగా తగిలించింది. కళ్లు కిటికీ అవతల ఉన్నాయి. సార్‌తో ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటోంది. 'తప్పు ఎవరిదీ కాదు సార్' అని మొదలుపెట్టాలా, 'ఒక్కసారి ఇది చూడండి సార్' అని మొదలుపెట్టాలా?

చేతులు తుడుచుకుని ఫ్రిజ్ తీసింది. వెనక వరస. ముప్పై నాలుగు, ముప్పై ఐదు, ముప్పై ఆరు. తర్వాతి గుంట ఖాళీగా ఉంది.

ముందు వరస చూసింది. పై అర చూసింది. అర మొత్తం బయటికి లాగి, సీసాలన్నీ ఒక్కొక్కటే పక్కన పెట్టి, మళ్లీ ఒక్కొక్కటే లోపల పెట్టింది. చల్లదనానికి వేళ్లు కొంకర్లు పోయాయి.

"ఏదీ వదినా, ఇవ్వు," అంది కణాలావిడ వెనక నుంచి. గుమ్మంలో అడుగుపెట్టగానే అక్క ఆవిడకు చెప్పి ఉంచింది. "కణాల పళ్లెం సిద్ధంగా పెట్టాను."

"వస్తున్నా. ఒక్క నిమిషం."

గది మధ్యలో నిలబడింది. కింద పడి ఉంటుందా? పడితే గాజు ముక్కలుండాలి. అప్పుడు కిటికీలోంచి ఎండ మేకుల బల్ల మీద పడింది. కడిగిన గాజు తళతళలాడింది. కింది వరసలో, చివర్నుంచి మూడో చిన్న సీసా ఒంటి మీద సన్నటి గీతలు తెల్లగా మెరిశాయి.

అక్క దగ్గరికెళ్లి ఆ సీసా తీసింది. మూడు, ఏడు. ఏడు అడ్డగీత కొంచెం వంకర. గీస్తున్నప్పుడు ఫోను మోగి చెయ్యి కదిలింది, ఆమెకు గుర్తుంది. లోపల తుంపర నీళ్లు తప్ప ఏమీ లేదు. బ్రష్షు బాగా తిప్పి కడిగింది. మూడు నీళ్లు, ఒక శుద్ధి నీళ్లు. మరక కూడా లేదు. తను కడిగితే ఏదీ మిగలదు.

మూత ఉన్న సీసా దానంతటది టబ్బులోకి నడిచి రాదు. దాన్ని తీసిన చేతికి వెనక వరస సంగతి తెలియాలి. గాజు చెత్త డబ్బాలో పారేస్తే ఎవరైనా చూస్తారు. టబ్బులో వేస్తే అక్క కడిగేస్తుందని కూడా తెలియాలి. పొద్దున్నే ముందు టబ్బే కడుగుతుందని, కడిగేటప్పుడు నంబర్లు చూడదని, ఇవన్నీ తెలిసిన మనిషి ఒక్కతే.

"ఏంటి వదినా, అలా నిలబడిపోయావు? దొరికిందా?"

"లేదు," అంది అక్క. సీసాను కోటు జేబులో వేసుకుంది.

*

చెల్లి మెట్ల దగ్గర దొరికింది. పై అంతస్తుకు వెళ్లే మలుపులో, నీళ్ల డబ్బా పక్కన గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. అక్క సీసా తీసి అరచేతిలో పెట్టి చూపించింది. చెల్లి చూసి, గ్లాసులో మిగిలిన నీళ్లు తాగింది.

"నా చేతే కడిగించావు," అంది అక్క.

"గట్టిగా మాట్లాడకు. పైన సార్ ఉన్నారు."

"నేను గట్టిగా మాట్లాడానా?"

ఆమె మాట గుసగుస దాటలేదు. చెల్లికి కూడా అది తెలిసి తల దించుకుంది.

"నీకు అర్థం కాదక్కా. మూతలు మారాయని తేలితే ఇదొక్కటే మారిందని ఎవరంటారు? ముప్పై ఆరు బ్యాచ్‌లూ మూత మీదే రాశాను. మొత్తం పోతుంది. నాలుగేళ్లు! కడగడం తక్కువైందంటే ఈ ఒక్క బ్యాచే పోతుంది. మళ్లీ చేసుకుంటాం. నీకు ఒక మాట అంటారు, అంతేగా."

"అంతేనా? ఈ నెల నా ఫైలు ఉంది."

"వచ్చే ఏడాది వెళ్తుంది. నా చదువు అయిపోయి నేను ఉద్యోగంలో చేరితే నువ్వు ఈ యాసిడ్‌లో చేతులు పెట్టక్కర్లేదు కూడా. నీ కోసం కూడా ఆలోచించే..."

"నా కోసమా?"

పై నుంచి ఎవరో దిగుతున్న చప్పుడైతే ఇద్దరూ గోడకు ఒదిగి దారి ఇచ్చారు. ఆ మనిషి వాళ్లిద్దర్నీ చూసి నవ్వి, "అక్కచెల్లెళ్లు రహస్యాలు మాట్లాడుకుంటున్నారే," అని వెళ్లిపోయాడు. ఇద్దరూ అతనికి నవ్వే చూపించారు.

"అడిగితే ఇచ్చేదాన్ని కదే," అంది అక్క. "నిన్న సాయంత్రం దుప్పటి మడుస్తున్నప్పుడు, అక్కా, నా తప్పు నీ మీద వేసుకో అని ఒక్క మాట అడిగి ఉంటే, ఆరే కడిగానని నేనే వెళ్లి చెప్పేదాన్ని. నీకు తెలీదూ?"

"తెలుసు." చెల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ గొంతు కటువుగానే ఉంది. "అందుకే అడగలేదు. నువ్వు ఇస్తావు, ఇచ్చి మర్చిపోతావు. నేను మర్చిపోలేను. అద్దం నేను పగలగొడితే నువ్వు చెప్పావు. పుస్తకాలు నేను తడిపితే నువ్వు చెప్పావు. నువ్వు చదువాపితే నేను చదివాను. ఇంకొకటి కూడా నీ దగ్గర తీసుకుని ఎలా బతకనక్కా నేను?"

"అడిగి తీసుకోవడం కష్టమని, చెప్పకుండా తీసుకున్నావా?"

చెల్లి గ్లాసును నీళ్ల డబ్బా మీద బోర్లించింది. జారి కింద పడబోతే మళ్లీ పట్టుకుంది.

*

బుధవారం మధ్యాహ్నం సార్ పిలిపించాడు. "కూర్చోమ్మా," అన్నాడు. ఆరేళ్లలో ఆ గదిలో ఆమెను కూర్చోమనడం అదే మొదటిసారి. అక్క కుర్చీ అంచున కూర్చుంది. చెల్లి కిటికీ దగ్గర నిలబడి ఉంది.

సార్ ఒక కాగితం ముందుకు జరిపాడు. టైపు చేసిన నాలుగు వాక్యాలు. ముప్పై ఏడో బ్యాచ్‌కు ఆరు కడుగులే జరిగాయని, అందువల్ల యాసిడ్ మిగిలిందని, ఇకపై జాగ్రత్తగా ఉంటానని.

"దీనివల్ల నీకేమీ కాదు. హెచ్చరిక అంటారు గానీ కాగితమే. ఎవరైనా అడిగితే కారణం రాసి ఉండాలిగా, అందుకు. ఫైలు సంగతి కూడా నేను చూసుకుంటాను. ఈ నెలే పంపుతాను, నాది పూచీ." ఆయన పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు. "మనిషన్నాక ఒక్కోసారి లెక్క తప్పుతుంది. తప్పదా చెప్పు?"

అంటే సంతకం పెడితే ఉద్యోగం కూడా నిలబడుతుంది. చెల్లి చదువూ నిలబడుతుంది. అక్క కాగితాన్ని రెండుసార్లు చదివింది. ప్రతి మాటా మర్యాదగా ఉంది. 'ఆరు' అన్న మాట దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. ఆ ఒక్క అంకె మీద సంతకం పెడితే, ఇక ఆమె ఏ రేణువులు కడిగినా అవి నిజంగా కడిగినవేనా అని ఎవరికైనా అనుమానం రావచ్చు. అందరికన్నా ముందు ఆమెకే వస్తుంది.

"నేను చేత్తో రాసిస్తాను సార్," అంది.

"రాయి, రాయి. నీ మాటల్లోనే రాయి. ఇంకా మంచిది."

ఆమె కాగితం వెనక్కి తిప్పింది. అక్షరాలు స్కూల్లో నేర్చుకున్నట్టే గుండ్రంగా, విడివిడిగా రాసింది. రాయడానికి చాలాసేపు పట్టింది. రాసి, సంతకం పెట్టి, సార్ వైపు తిప్పి జరిపింది.

సార్ పైకే చదవడం మొదలుపెట్టాడు. "ముప్పై ఏడో నంబరు రేణువులను ఏడుసార్లు కడిగాను. ఆ బ్యాచ్‌లోంచే కొంచెం తీసి చిన్న సీసాలో దాచాను. మంగళవారం పొద్దున ఆ సీసా టబ్బులో ఉంది. చూసుకోకుండా మిగతావాటితో కలిపి నేనే కడిగేశాను..." ఆయన గొంతు తగ్గిపోయింది. మిగతాది లోపలే చదువుకున్నాడు. 'చూడకుండా కడగడం నా తప్పు. ఆ తప్పు వరకు సంతకం పెడుతున్నాను.'

ఆయన కాగితం మీద నుంచి తలెత్తాడు. "దాచిన సీసా ఉందా?"

"ఉండేది సార్."

"టబ్బులో ఎవరు వేశారు?"

"వేస్తుండగా నేను చూడలేదు సార్."

సార్ కిటికీ వైపు చూశాడు. అక్క చూడలేదు. చూడకుండానే ఎదురుచూసింది. ఒక్క మాట చాలు. 'నేనే సార్' అనక్కర్లేదు, 'అక్కా' అన్నా చాలు. కిటికీ దగ్గర కోటు బట్ట గరగరలాడింది, చెల్లి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారింది. అంతే.

ఆయనకు అర్థమైంది. అర్థమైందని అక్కకూ తెలిసింది. ఆయన ముఖంలో ముందు ఆశ్చర్యం, తర్వాత చిరాకు, ఆ తర్వాత అలసట వచ్చి వెళ్లాయి. క్యాలెండర్ వైపు చూశాడు. శుక్రవారం ఇంకా రెండు రోజులుంది. కాగితాన్ని రెండుగా మడిచి, ఫైల్లో కాకుండా, సొరుగులో అడుగున పెట్టి మూశాడు. పెన్నుకు మూత పెట్టాడు.

"సరే. ఖాళీ రేణువుల పరీక్ష మళ్లీ చేద్దాం. మిగతావి ఉన్నవి ఉన్నట్టే పంపుదాం." తర్వాత అక్కతో, ఆమెను చూడకుండా అన్నాడు. "నీ ఫైలు మాత్రం ఈసారికి పంపలేనమ్మా. ముప్పై ఏడు ఎందుకు పోయిందంటే చూపించడానికి కాగితం లేకుండా, పైవాళ్లకు నేనేమని రాయను? వచ్చే ఏడాది చూద్దాం. పని ఎలాగూ ఉంటుంది నీకు. నీలా కడిగేవాళ్లు ఎవరున్నారు ఇక్కడ?"

అక్క లేచి కుర్చీని టేబుల్ కిందకు జరిపింది.

*

ఇంటికి ఇద్దరూ వేరువేరుగా వచ్చారు. అమ్మ అడిగింది, "అదేంటే, కలిసి రాలేదేం?"

"పని ఎక్కువగా ఉందమ్మా," అన్నారు ఇద్దరూ ఒకేసారి. అమ్మ నవ్వింది. "చూడు, మాట కూడా ఒకటే."

కణాలావిడ మర్నాడంతా అక్క చుట్టూ తిరిగింది. "ఏం రాసిచ్చావు వదినా? ఏమన్నాడాయన? ఫైలు పంపుతాడా?" అక్క పంపడని చెప్పింది. ఎందుకని అడిగితే, "నాకూ సరిగ్గా తెలీదు," అంది. ఆవిడ కాసేపు చూసి, చెల్లి గది వైపు ఒకసారి చూసి, ఇంకేమీ అడగలేదు. మధ్యాహ్నం తన డబ్బాలోంచి సగం తీసి అక్క డబ్బాలో పెట్టింది.

గురువారం సాయంత్రం అక్క స్టోరుకు వెళ్లి కొత్త రిజిస్టర్ తెచ్చుకుంది. స్కేలు పెట్టి, ఎర్ర పెన్సిలుతో ప్రతి పేజీలో నిలువు గళ్లు గీసింది. నంబరు. ఎన్ని కడుగులు. ఇచ్చిన టైము. ఇచ్చినవారు. తీసుకున్నవారు. ఒక్కో గీతకీ స్కేలును అరచేత్తో నొక్కి పట్టింది. ఇరవై పేజీలు అయ్యేసరికి చూపుడు వేలి పక్కన ఎర్రగా అయింది.

శుక్రవారం పొద్దున ముప్పై ఎనిమిదో నంబరు ఖాళీ రేణువులు తయారయ్యాయి. సార్ పత్రం అప్పటికే వెళ్లిపోయిందని, ఈ పరీక్ష ఫలితం తర్వాత జతచేస్తారని కణాలావిడ చెప్పింది. అక్క ఏడో నీళ్లు వంపి, మడ్డిని కొత్త నీళ్లలో కలిపి, తనే ఒక సీసాలో పోసింది. గాజు మీద సూదితో నంబరు గీసింది. వేలంత సీసాలో నాలుగు చుక్కలు తీసి, ఈసారి ఫ్రిజ్‌లో పెట్టకుండా కణాలావిడ చేతికిచ్చి, ఆవిడ బీరువాలో పెట్టించి తాళం వేయించింది.

చెల్లి వచ్చింది. కళ్ల కింద నల్లగా ఉంది. రెండు రోజులుగా ఇంట్లో ఒకే గదిలో పడుకుంటున్నారు. దీపం ఆర్పనా అంటే ఆర్పు అనుకోవడం తప్ప మాటల్లేవు.

"అక్కా," అంది చెల్లి మెల్లగా. "ఇస్తావా?"

ఎప్పటిలాగే చెయ్యి చాపి సీసా పట్టుకుంది. సీసా కదల్లేదు. అక్క దాన్ని వదల్లేదు. రెండో చేత్తో రిజిస్టర్ తెరిచి, బల్ల మీద చెల్లి వైపుకు తిప్పి పెట్టింది. మొదటి పేజీ, మొదటి వరస. నాలుగు గళ్లు నిండి ఉన్నాయి. ఐదోది ఖాళీ.

"ఇక్కడ సంతకం పెట్టండి," అంది అక్క.

చెల్లి తెల్లబోయింది. వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది. గదిలో వాళ్లిద్దరే ఉన్నారు.

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

"తీసుకునేది మీరేగా."

మిషన్‌లో మరో బ్యాచ్ తిరుగుతోంది. చెల్లి జేబులోంచి పెన్ను తీసింది, అది రాయలేదు. రెండోది తీసింది. గడిలో పట్టకుండా సంతకం గీత దాటి బయటికి వెళ్లింది.

అక్క సీసాను వదిలింది.

"తేదీ కూడా వేయండి," అని, మిషన్ ఆగిన చప్పుడు విని అటు తిరిగింది.